మునిర్కా బాల్కనీకి మూడు శనివారాలు

ఢిల్లీలో వసంతం వచ్చిందనుకునేలోపే వెళ్ళిపోతుంది. జనవరి చలి తగ్గాక, ఏప్రిల్ ఎండ ముదరకముందు మిగిలేది గట్టిగా ఆరేడు వారాలు. ఇంట్లో చిన్న మరమ్మతులకైనా, కుండీల్లో విత్తనాలకైనా అదే అదను. మన బ్యాంకు కుటుంబాలకు ఒక చిక్కుంది. ఆ వారాలే వార్షిక ముగింపు రోజులు కూడా! మార్చి 31 దాటేదాకా మావారు రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారో ఆయనకే తెలియదు.

అందుకని మునిర్కాలో మేముండే మూడో అంతస్తు డీడీఏ ఫ్లాట్‌లో పనంతా మూడు శనివారాలకు సర్దుకున్నాం. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కదా! ఫిబ్రవరిలో ఆ రెండూ, మార్చిలో రెండోది తీసుకున్నాం. మార్చి నాలుగో శనివారాన్ని మాత్రం లెక్కలో వేసుకోకండి.

మొదటి శనివారం: నీళ్ళు, పగుళ్ళు, బరువు

మొక్కలు కొనేముందు బాల్కనీలో రెండు బకెట్ల నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు గొట్టం వైపు పోతున్నాయా, ఓ మూల నిలుస్తున్నాయా? కింది ఇంటివారిని కూడా ఒకసారి పైకప్పు చూడమని అడగండి. మన కుండీల నీరు వాళ్ళ గోడలో చెమ్మగా దిగితే చెడేది గోడ ఒక్కటే కాదు, ఇరుగుపొరుగు మాట కూడా.

నేలలో సన్నటి పగుళ్ళుంటే శుభ్రంగా గీకి, వాటర్‌ప్రూఫింగ్ ద్రావణం కలిపిన సిమెంటుతో పూడ్చి, ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. సిమెంటు గట్టిపడేది ఎండటం వల్ల కాదు, నీటితో కలిసి జరిగే రసాయనిక చర్య వల్ల. జనవరి చలిలో ఆ చర్య మందగిస్తుంది. మే నెల వడగాలికి నీరు ముందే ఆవిరైపోయి పూత మళ్ళీ పగులుతుంది. ఫిబ్రవరి నడిమి రోజులు ఈ పనికి అనువైనవి. తరువాతి సెలవు శనివారానికి ఉన్న రెండు వారాల ఎడం దానికి సరిగ్గా సరిపోతుంది.

బాల్కనీ గోడను కలిసే చోట పగులున్నా, కింది భాగంలో పెచ్చులూడి ఇనుప చువ్వ కనిపిస్తున్నా అది మన చేతిపని కాదు. ఇంటి యజమానికి చెప్పి ఇంజనీరుకు చూపించాలి. అప్పటిదాకా అక్కడ కుండీ పెట్టవద్దు.

ఇక బరువు. పన్నెండు అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన తోటమట్టి అయితే అది 25 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి ఇరవై పెడితే 500 కిలోలు. అంటే ఎనిమిదిమంది పెద్దవాళ్ళు రాత్రింబవళ్ళు అక్కడే నిలబడ్డట్టు. మట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్ళలో కలిపితే బరువు బాగా తగ్గుతుంది, వేళ్ళకు గాలి కూడా ఆడుతుంది. బరువైన కుండీలు గోడవైపు ఉండాలి. బాల్కనీ గోడలోంచి చాచిన చెయ్యిలాంటిది. భారం వేళ్ళ కొసన ఉంటే భుజానికి ఎక్కువ లాగుడు.

రెండో శనివారం: విప్పుకోగలిగే కట్టుబడి

మనవి బదిలీల బతుకులు. అందుకే కుండీల స్టాండును మేకులతో కాకుండా స్క్రూలతో బిగించాం. స్క్రూడ్రైవరుతో అరగంటలో విడిపోతుంది, లారీలో పలకల కట్టగా సర్దుకుంటుంది. మెట్లలా మూడు అరలు, గోడకు ఆనించి. పిల్లలున్న ఇంట్లో స్టాండు రెయిలింగు దగ్గర ఉండకూడదు, అది వాళ్ళకు నిచ్చెన అవుతుంది. పాదులకు వెదురు కర్రలు, జనపతాడుతో పందిరి చాలు.

పిట్టగోడ మీద మాత్రం ఒక్క కుండీ కూడా వద్దు. మే, జూన్‌లలో ఇక్కడ ‘ఆంధీ’ అనే దుమ్ముగాలి ఉన్నట్టుండి లేస్తుంది. కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

గోడకు రంధ్రం తప్పనిసరైతే ముందు యజమాని అనుమతి తీసుకోండి. స్విచ్‌బోర్డుకు నిలువుగా, అడ్డంగా ఉన్న వరుసలు వదిలేయండి. వైర్లు సాధారణంగా ఆ దారుల్లోనే వెళతాయి. ఆ గది ఎంసీబీ ఆపి, డ్రిల్లుకు కరెంటు వేరే లైనున్న గదిలోంచి తెచ్చుకోండి. కళ్ళద్దాలు మరవద్దు.

మూడో శనివారం: విత్తనం

మార్చి రెండో శనివారానికి నేల వెచ్చబడుతుంది. బెండ, గోంగూర, తోటకూర, బీర అప్పుడు వేసుకోవచ్చు. బెండగింజల్ని రాత్రి నానబెట్టి, గింజ మందానికి రెండింతల లోతున నాటాలి. తోటకూర నెలలో, గోంగూర, బెండ నెలన్నర, రెండు నెలల్లో చేతికొస్తాయి. చలికి ఆకు రాల్చిన కరివేపాకు కొసలు ఇప్పుడు కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు గుబురుగా వస్తాయి.

విత్తనాలకు పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మంచి చోటు. ఏటా దాదాపు ఈ రోజుల్లోనే అక్కడ కృషి విజ్ఞాన మేళా జరుగుతుంది. ‘పూసా’ నిజానికి బీహారులోని ఊరు. 1905లో అక్కడ వెలసిన సంస్థ 1934 భూకంపంలో దెబ్బతిని, 1936లో ఢిల్లీకి వచ్చింది. వస్తూ పాత ఊరిపేరు వెంట తెచ్చుకుంది. మనలాగే బదిలీ మీద వచ్చి ఇక్కడ వేళ్ళూనిందన్నమాట!

ఏప్రిల్ రాగానే సగం ఎండను ఆపే పచ్చవల కట్టండి. తెల్లవారుజామునో, పొద్దువాలాకో నీళ్ళు పోయండి. ఢిల్లీలో వేపచెట్లు వసంతంలోనే ఆకు రాలుస్తాయి. ఆ ఎండుటాకులు ఏరి కుండీల్లో పరిస్తే తడి నిలుస్తుంది. కుండీ కింది పళ్ళేలను వారానికొకసారి తప్పక పారబోయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా ఎదగడానికి దానికి వారం, పది రోజులు చాలు.

బదిలీ ఉత్తర్వు వస్తే పంట కోతకు రాకముందే కదలాల్సి రావచ్చు. అయినా ఈ శ్రమ వృథా కాదు. స్టాండు మనతో వస్తుంది, గింజలు పొట్లంలో వస్తాయి. పూడ్చిన పగుళ్ళు, కాపుకొచ్చిన మొక్కలు తరువాత దిగే కుటుంబానికి. తాళాలు అప్పగించేటప్పుడు ఏ కుండీకి ఎన్ని చెంబులు పోయాలో ఒక కాగితం మీద రాసి పెట్టండి.