మజిలీ మజిలీకీ రాసుకున్నాడు

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. రైళ్లు లేని కాలం. నల్లమల అడవిలో శ్రీశైలం, ఆపైన హైదరాబాదు, నాగపూరు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న.

ఆ పదిహేను నెలల దినచర్యే 'కాశీయాత్ర చరిత్ర'. దారి ఎలా ఉంది, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, అంగళ్లు ఉన్నాయా, ఊళ్లో ఎవరుంటారు - మజిలీ మజిలీకీ రాశాడు. ఇల్లు చేరాక గుర్తు తెచ్చుకుని రాస్తే గోపురాలు మిగులుతాయి, బావులు పోతాయి. ఆనాటి దారుల్ని మనకు చూపించేవి ఆ బావులే.

మన సర్వే క్యాంపూ అంతే. ఇందుకూరుపేట నుంచి మైపాడు తీరం దాకా లెవెల్స్ తీస్తే, రీడింగ్ అక్కడికక్కడే ఫీల్డ్‌బుక్‌లో పడాలి. నేల తీరు, కాలువలో నీళ్ల సంగతి ఆ సాయంత్రమే తేదీ వేసి రాయండి. సబ్మిషన్ ముందురోజు రాత్రి రాసేది రికార్డు కాదు, కథ.