గేట్‌వే ద్వారా ఏసీ ఉష్ణోగ్రత మార్చడం ఎలా?

ఆఫీసులో ఇరవై ఏసీలుంటే ఇరవై రిమోట్లుంటాయి. ఒకరు 18లో పెట్టి స్వెట్టర్ వేసుకుంటారు, ఇంకొకరు ఆపకుండానే ఇంటికెళ్లిపోతారు. అన్నిటినీ ఒక్క కంప్యూటర్ నుంచి నడపాలంటే మధ్యలో ఒక దుబాసీ కావాలి, అదే గేట్‌వే. ఏసీ లోపల నడిచే సంకేతాలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. బిల్డింగ్ ఆటోమేషన్‌లో వాడే భాషలు మాడ్‌బస్, బ్యాక్‌నెట్, కేఎన్‌ఎక్స్. వీటిలో మాడ్‌బస్ 1979 నాటిది. పాతదే గానీ కొత్తవాళ్లకు తేలిక, అందుకే ఇక్కడ దాన్నే తీసుకుందాం.

ముందు మీ ఏసీకి గోడ రిమోట్ వైర్లు తగిలించే టెర్మినళ్లు ఉన్నాయేమో చూడండి. క్యాసెట్, డక్టబుల్, వీఆర్‌ఎఫ్ (ఒకే అవుట్‌డోర్‌కు చాలా ఇండోర్లు ఉండేవి) యూనిట్లకు సాధారణంగా ఉంటాయి. డైకిన్‌లో వాటి పేరు పీ1, పీ2. ఒక్క యూనిట్‌కు సరిపోయే గేట్‌వే అక్కడే కలుస్తుంది. వీఆర్‌ఎఫ్‌లోనైతే అవుట్‌డోర్, ఇండోర్ యూనిట్లను కలిపే లైనుకు ఒక పెద్ద గేట్‌వే పెట్టి చాలా గదులను దాని కిందికి తేవచ్చు. టెర్మినళ్లు లేని స్ప్లిట్ ఏసీలకు ఇన్‌ఫ్రారెడ్ గేట్‌వేలు దొరుకుతాయి. కానీ అవి ఆదేశం పంపడం వరకే, ఏసీ విన్నదో లేదో వాటికి తెలియదు. ఇంట్లో సర్దుకుపోవచ్చు గానీ ఆఫీసుకు నేను వద్దంటాను. ఏదైనా సరే, మీ ఏసీ మోడల్ నంబరు గేట్‌వే కంపెనీ ఇచ్చిన పట్టికలో ఉందని చూశాకే కొనండి.

వైరింగ్‌కు ముందు మెయిన్ ఆపండి. ఏసీ వైపు పని సర్వీసు మెకానిక్‌తో చేయించడం మంచిది, లేకపోతే వారంటీ పేచీ వస్తుంది. ఆటోమేషన్ వైపు ఉండేది ఆర్‌ఎస్-485 లైను. మెలితిప్పిన జంట తీగలున్న షీల్డెడ్ కేబుల్ తీసుకుని ఒక గేట్‌వే నుంచి ఇంకో గేట్‌వేకు వరసగా లాగండి. ఒకే చోటు నుంచి నాలుగు దిక్కులకు కొమ్మల్లా చీల్చొద్దు. లైను రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. కరెంటు కేబుళ్లతో కలిపి ఒకే పైపులో దూర్చొద్దు. జంట తీగల ఏ, బీ గుర్తులను ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది. ఎంతకీ జవాబు రాకపోతే ముందు ఆ రెండు తీగలను తారుమారు చేసి చూడండి.

తర్వాత ప్రతి గేట్‌వేకూ వేర్వేరు చిరునామా ఇవ్వాలి. 1 నుంచి 247 వరకు ఏ అంకె అయినా సరే, ఒకే లైనులో రెండింటికి ఒకటే ఉండకూడదు. బాడ్ రేటు (డేటా వేగం), పారిటీ (తప్పులు పట్టే బిట్) అన్నిటికీ ఒకేలా పెట్టండి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. తొందరపడి ఉష్ణోగ్రత మార్చకండి, ముందు చదవండి. లాప్‌టాప్‌కు యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-485కు మార్చే కన్వర్టర్ తగిలించి, మాడ్‌బస్‌లో చదివే ఆదేశమైన ఫంక్షన్ 3తో, సెట్ చేసిన ఉష్ణోగ్రత ఉన్న రిజిస్టర్‌ను (గేట్‌వేలో విలువ ఉండే నంబరు గడిని) అడగండి. దాని నంబరు గేట్‌వే మాన్యువల్‌లో ఉంటుంది. గోడ రిమోట్ 24 చూపిస్తుంటే మీకూ 24 రావాలి. 240 వస్తే ఆ గేట్‌వే పదింతలు చేసి పంపుతోందన్నమాట. పొంతన లేని అంకె వస్తే పక్క నంబరు అడగండి. కొందరు రిజిస్టర్లను 0 నుంచి లెక్కపెడతారు, కొందరు 1 నుంచి. కొత్తవాళ్ల సమయమంతా తినేసేది ఈ ఒక్క అంకె తేడానే.

చదివింది సరిపోలాక, రాసే ఆదేశమైన ఫంక్షన్ 6తో అదే రిజిస్టర్‌లో 25 రాయండి, పదింతల లెక్కయితే 250. గోడ రిమోట్ మీద అంకె మారిందో లేదో ఎవరినైనా వెళ్లి చూడమనండి. మారితే మిగతా యూనిట్లకు వెళ్లండి.

గది ఉష్ణోగ్రత రిజిస్టర్‌ను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. క్యాసెట్‌లో సెన్సర్ సాధారణంగా పైకప్పు దగ్గర, గాలి లోపలికి పీల్చుకునే చోట ఉంటుంది. అక్కడ వేడి ఎక్కువ. మనుషులు కూర్చునే ఎత్తులో విడిగా ఒక సెన్సర్ పెట్టుకుంటే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక నియమాలు. పగలు 24కు తగ్గకుండా కింది హద్దు, సాయంత్రం ఆఫీసు మూశాక ఆఫ్. మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలకు 2020 నుంచి డిఫాల్ట్ సెట్టింగ్ 24 డిగ్రీలే. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. గోడ రిమోట్‌కు పూర్తిగా తాళం వేయకండి, రెండు డిగ్రీల వెసులుబాటు ఇవ్వండి. లేకపోతే ఫిర్యాదులు వినడానికే మీ రోజు సరిపోతుంది.

ప్రోగ్రాం రాసేవారు విలువ మారినప్పుడే పంపాలి. క్షణక్షణం అదే 24ను రాస్తూ ఉంటే, మార్పును మెమరీలో దాచుకునే యూనిట్లలో ఆ మెమరీ అరిగిపోతుంది. ఆన్, ఆఫ్‌లను వెంటవెంటనే కొట్టడం కంప్రెసర్‌కు చేటు.

కొన్ని గేట్‌వేలు ఆర్‌ఎస్-485కు బదులు నెట్‌వర్క్ కేబుల్ మీద నడుస్తాయి, అది మాడ్‌బస్ టీసీపీ. దానికి పాస్‌వర్డ్ లేదు. కాబట్టి దాని 502 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవొద్దు, బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ వాడండి. చివరగా, ఏ చిరునామా ఏ గదిదో, ఏ రిజిస్టర్ దేనికో ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి. మీ తర్వాత వచ్చే టెక్నీషియన్‌కు మాన్యువల్ దొరక్కపోయినా ఆ కాగితం దొరుకుతుంది.