అడవికి వంతు కాపలా

మన హాస్టల్లో మొక్కలకు నీళ్లు పోయడానికి వంతులు వేసుకుంటాం. ఎండాకాలంలో నాలుగు రోజులు వంతు ఎగ్గొడితే మొక్క గతి ఏమవుతుందో మనకు తెలుసు. ఒక అడవిని కూడా ఇలా వంతులతోనే బతికించుకోవచ్చు.

ఒడిశాలోని అనేక గ్రామాల్లో ‘ఠెంగాపాళి’ అనే పద్ధతి ఉంది. ఠెంగా అంటే కర్ర. పాళి అంటే వంతు. ఈ రోజు అడవికి కాపలా తిరిగినవారు ఆ కర్రను పక్కింటి గుమ్మం దగ్గర పెడతారు. మర్నాడు ఆ ఇంటివారు కర్ర పట్టుకొని బయలుదేరాలి. దీనికి జీతం లేదు. అడవి అందరిదీ కాబట్టి కాపలా కూడా అందరిదే.

అరబారి చెప్పిన పాఠం

పశ్చిమ బెంగాల్‌లో అప్పటి మిద్నాపూర్ జిల్లాలోని అరబారిలో సాల అడవి నరుకుడుకు గురై మోడుబారింది. 1972లో ఎ.కె. బెనర్జీ అనే అటవీ అధికారి చుట్టుపక్కల గ్రామస్తులను కలుపుకొని 1,272 హెక్టార్లను వారి రక్షణలో ఉంచారు. బదులుగా వారికి అడవి పనుల్లో ఉపాధి, కొద్దిపాటి రుసుముతో వంటచెరకు, పశుగ్రాసం, చివరి కలప దిగుబడిలో 25 శాతం వాటా ఇచ్చారు. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ అడవి విలువ 1983 నాటికి 12.5 కోట్ల రూపాయలని లెక్కగట్టారు.

ఇదెలా సాధ్యం? సాల చెట్టును నరికినా వేరు చావదు. మోడు నుంచి పిలకలు వస్తాయి. వాటిని మేకలు కొరకకుండా, గొడ్డలి తగలకుండా కొన్నేళ్లు కాపాడితే చాలు, మళ్లీ చెట్లవుతాయి.

కాపలాదారుల పనులు

1. మేతకు, కట్టెలకు హద్దులు పెట్టి, వంతుల ప్రకారం తిరగడం.
2. మోడుకు వచ్చిన పిలకల్లో బలమైనవి ఒకటి రెండు ఉంచి, మిగతావి కోయడం. కోసినవి వంటచెరకుకు పనికొస్తాయి.
3. వేసవికి ముందే ఎండుటాకులు ఊడ్చి, నిప్పు దాటకుండా ఖాళీ బాటలు తీయడం. ఇప్పపూలు ఏరడానికి పెట్టిన చిన్న మంట కూడా అడవంతా పాకవచ్చు.

ఎవరి పొయ్యి ఆరుతుంది?

ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. అడవిలోకి ఎవరూ రాకూడదని ఊరు తీర్మానిస్తే, మొదట ఆరేది కట్టెల మోపు అమ్ముకునే తల్లి పొయ్యి. మనలో చాలామంది అలాంటి ఇళ్ల నుంచే వచ్చాం. ఆమెను అడగకుండా పెట్టిన నియమం ఎన్నాళ్లు నిలుస్తుంది? చీకట్లో వెళ్లి కట్టెలు కొట్టుకోక ఆమెకు వేరే దారి ఏముంది? ఆమెను సభలో కూర్చోబెట్టి, ఎండుపుల్లలు ఎక్కడ ఏరుకోవచ్చో, వాటా ఎంతో ముందే తేల్చాలి. అప్పుడు ఆమే మంచి కాపలాదారు అవుతుంది.

మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు 1992లో మొదలయ్యాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవిపై ఆధారపడి జీవించే గిరిజనులకు, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకు తాము కాపాడుకుంటున్న సామూహిక అడవిని రక్షించుకునే హక్కు ఇచ్చింది. చట్టం హక్కు ఇస్తుంది. గుమ్మం ముందున్న కర్రను ఎత్తుకోవలసింది మాత్రం మనమే.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మీ ఊరి గుట్టమీద ఒక మోడును చూడండి. పిలక వేసిందా? దానికి కాపలా ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకొని రండి.