ఇంటి ల్యాప్‌టాప్‌కు తేలికపాటి లినక్స్: ఎంపికకు కొన్ని సూచనలు

కంప్యూటరు మీట నొక్కిన క్షణం మొదలు తెరపై మొదటి బొమ్మ కనిపించే వరకు గడిచే కొద్ది సెకన్లలో ఏమి జరుగుతున్నదో మనలో చాలామంది ఆలోచించరు. ఆలోచించవలసిన అవసరమూ ఇంతవరకు కలుగలేదు. కాని 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. ఇళ్లలోని యంత్రాలకు ఇచ్చిన భద్రతా సవరణల పొడిగింపు కూడ 2026 అక్టోబరు వరకే. విండోస్ 11 కావలెనన్న టీపీఎం 2.0 అనే భద్రతా విభాగము, ఇంటెల్ వారిదైతే ఇంచుమించు ఎనిమిదవ తరము లేక ఆ తరువాతి ప్రాసెసరు ఉండవలెను. కావున 2013, 2017 సంవత్సరాల మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో అధికభాగము, చక్కగా పనిచేస్తున్నప్పటికీ, అనర్హమైనవిగా లెక్కకు వస్తున్నవి.

జిద్దాలోని షరఫియా వంటి పేటలలో నివసించే మన కుటుంబాలకు ఇది చిన్న విషయము కాదు. 2020 మార్చిలో బడులు మూతపడి పాఠాలు తెరమీదికి వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌నే అన్నాచెల్లెళ్లు వంతులు వేసుకొని వాడుకొన్నారు. ఆ యంత్రమే నేడు మూలపడే స్థితికి వచ్చినది. కొత్తది కొనవలెనా, లేక ఉన్నదానిలోనే లినక్స్ పెట్టుకొనవలెనా అన్న ప్రశ్నకు సమాధానము డబ్బు ఒక్కదానిపైనే ఆధారపడి లేదు. దానిలో పిల్లల చదువు ఉన్నది, పదేళ్ల ఛాయాచిత్రాలు ఉన్నవి.

ముందుగా పునాది సంగతి చూద్దాము. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన బయాస్ అనే ఫర్మ్‌వేరు పని తీరు చాల సరళము. అది డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, అందులో ఏ ప్రోగ్రాము ఉన్నదో విచారించకుండ నడిపించేది. ఆనాటి విభజన పట్టిక 2 టెరాబైట్లకు మించిన డిస్కును గుర్తించలేదు. ఇంటెల్ సంస్థ తన ఇటానియం ప్రాసెసర్ల కొరకు రూపొందించిన ఈఎఫ్ఐ పద్ధతిని 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం చేపట్టి అందరికీ ప్రమాణముగా మార్చినది. ఈ కొత్త ఫర్మ్‌వేరు డిస్కులో తనకని కేటాయించిన చిన్న విభాగములోని ఫైళ్లను స్వయముగా చదువగలదు. ఏ వ్యవస్థను ముందు లేపవలెనో తన జాబితాలో గుర్తుంచుకొంటుంది.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ అనే కట్టుబాటు ఇళ్లలోని యంత్రాలకు వ్యాపించినది. సంతకము లేని ప్రోగ్రామును ఫర్మ్‌వేరు లేపదు. ప్రయోగశాలలో పనిచేసే వారికి ఇది సులభముగా బోధపడుతుంది. రసాయనపు సీసా చేతికి రాగానే మూతపై ముద్ర చెదరలేదు కదా, తయారీదారుని ధ్రువపత్రము ఉన్నది కదా అని చూస్తాము. అయితే ఆ ముద్ర సీసాను నింపినది ఎవరో చెప్పగలదు గాని, లోపలి పదార్థము మన ప్రయోగానికి తగినదో కాదో చెప్పలేదు. సెక్యూర్ బూట్ సంతకమూ అట్టిదే.

చాలా ల్యాప్‌టాప్‌లలో ముందుగా ఉంచిన తాళపుచెవులు మైక్రోసాఫ్ట్ వారివి. మరి లినక్స్ ఎట్లు లేస్తుంది? షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ సంతకము ఉంటుంది, దాని కడుపులో లినక్స్ పంపిణీదారుని తాళపుచెవి ఉంటుంది. షిమ్ గ్రబ్‌ను పరీక్షిస్తుంది, తరువాత కెర్నెలు సంతకము పరీక్షకు వస్తుంది. ఉబుంటు, ఫెడోరా, మింట్ ఈ దారిని అనుసరించినవి. డెబియన్ 2019 నాటి 10వ విడుదల నుండి ఇందులో చేరినది.

ఇక తేలిక అన్న మాట. మిత్రులు తరచుగా అడిగేది “అన్నింటికంటె తేలికైనది ఏది?” అని. ఆ ప్రశ్నే సరియైనది కాదని నా అభిప్రాయము. పప్పీ, యాంటీఎక్స్ వంటివి నిజముగా ఎంతో తేలికైనవి. 512 మెగాబైట్ల మెమరీ ఉన్న పాత బయాస్ యంత్రానికి అవి వరములే. కాని యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్‌లో వాటికోసము చాలాసార్లు సెక్యూర్ బూట్‌ను ఆపవలసి వస్తుంది. పైగా మెమరీని మింగేది డెస్క్‌టాప్ కాదు, బ్రౌజరు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లేక ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ సాధారణముగా ఒక గిగాబైటు లోపున సర్దుకొంటుంది, పాఠము వీడియోతో నాలుగు పేజీలు తెరిచిన బ్రౌజరు దానికి రెట్టింపు అడుగుతుంది. డెస్క్‌టాప్‌లో రెండువందల మెగాబైట్లు పొదుపు చేయుటకు తల బద్దలు కొట్టుకొనుటకంటె, పాత తిరిగే డిస్కు స్థానములో ఎస్ఎస్‌డీ వేయించుట వేయిరెట్లు మేలు.

కొత్త యంత్రాలకు మరొక చిక్కు ఉన్నది. ఫర్మ్‌వేరు కొత్తదైతే వైఫై చిప్పు కూడ కొత్తదే కావచ్చును. దానిని గుర్తించుటకు కెర్నెలు కూడ అంత కొత్తదిగా ఉండవలెను. తేలికైన పంపిణీలలో కొన్ని పాత కెర్నెలుతో వస్తాయి. డెబియన్ 2023 నాటి 12వ విడుదల నుండి వైఫై చిప్పులకు అవసరమయ్యే స్వేచ్ఛేతర ఫర్మ్‌వేరును స్థాపన డిస్కులోనే చేర్చుట పెద్ద ఉపకారము.

నన్ను అడిగితే 4 గిగాబైట్ల మెమరీ గల ఇంటి ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పునే మొదట చెబుతాను. ఉబుంటు 24.04 పునాదిగా గల మింట్ 22 వరుసకు 2029 వరకు సవరణలు లభిస్తాయి. లుబుంటు 24.04 ఇంకొంచెము తేలిక, కాని దాని మద్దతు మూడేళ్లే, 2027 వరకు. కొంత అనుభవము ఉన్నవారికి డెబియన్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలును. ఒక అపవాదము: చవకగా దొరికిన కొన్ని ఆటమ్ ప్రాసెసరు ల్యాప్‌టాప్‌లలో 64 బిట్ల ప్రాసెసరుకు 32 బిట్ల ఫర్మ్‌వేరు ఉంటుంది. సాధారణ డిస్కు వాటిని లేపలేదు. డెబియన్ 2015 నాటి 8వ విడుదలలోనే ఇట్టి యంత్రాలకు దారి చూపినది.

స్థాపనకు ముందు జాగ్రత్తలే అసలైన పని. ఛాయాచిత్రాలను వేరే డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును మరొక కంప్యూటరులో తెరిచి చూచుకొనవలెను. విండోస్‌ను కూడ ఉంచుకొనదలచినచో బిట్‌లాకర్ ఉన్నదేమో పరిశీలించి, దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసుకొనవలెను. సెక్యూర్ బూట్‌ను ఆపిన మరుసటి క్షణమే విండోస్ ఆ సంఖ్యను అడుగవచ్చును, అది దొరకనిచో ఛాయాచిత్రాలు తాళమువేసిన పెట్టెలో ఉండిపోయినట్లే. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపవలెను. స్థాపన సమయములో డిస్కు కనిపించనిచో ఫర్మ్‌వేరులో రెయిడ్ అనిగాని ఆర్ఎస్‌టీ అనిగాని ఉన్నదేమో చూడవలెను. దానిని ఏహెచ్‌సీఐకి మార్చితే డిస్కు కనిపిస్తుంది గాని, ముందుగా సిద్ధపరచనిచో విండోస్ లేవకపోవచ్చును. అన్నింటికి ముందు, 8 గిగాబైట్ల యూఎస్‌బీ నుండి లినక్స్‌ను స్థాపించకుండానే నడిపించి వైఫై, ధ్వని, కెమెరా, మూతవేసిన తరువాత తిరిగి లేచుట, ఈ నాలుగింటిని పరీక్షించుడు.

రెండు వ్యవస్థలు ఒకే యంత్రములో ఉంచుకొనేవారు 2024 ఆగస్టును గుర్తుంచుకొనవలెను. అప్పటి విండోస్ సవరణ ఒకటి పాత షిమ్‌లను నిషేధించుటతో, కొన్ని ఇట్టి యంత్రాలలో లినక్స్ లేవలేదు. మైక్రోసాఫ్ట్ 2011 నాటి ధ్రువపత్రాల గడువు 2026 జూన్ నుండి ముగియుట మొదలవుతుంది. గడువు దాటినంత మాత్రాన ఉన్న లినక్స్ ఆగిపోదు గాని, కొత్త షిమ్‌లకు 2023 నాటి ధ్రువపత్రము కావలెను కనుక, విండోస్‌ను తొలగించుటకు ముందే తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేరు సవరణలను వేయించుకొనుట మంచిది.

పిల్లల బడిపనికి లిబ్రేఆఫీసు చాలును, అబ్షిర్ వంటి ప్రభుత్వ సేవలు బ్రౌజరులో నడుస్తాయి. అయితే విండోస్‌లోనే నడిచే పరీక్షా సాఫ్ట్‌వేరును బడివారు కోరితే లినక్స్ ఒక్కటే ఉన్న యంత్రము పనికిరాదు, ఈ సంగతి ముందే విచారించుకొనండి. తెలుగు విషయములో లోటు లేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు లినక్స్ కొరకు ఏళ్లుగా కృషి చేసినది. డెబియన్, మింట్ భాండారాలలో లోహిత్ తెలుగుతో పాటు పోతన, వేమన ఖతులు దొరుకుతాయి. ఐబస్‌లో ఎం17ఎన్ చేర్చుకొంటే ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్ పద్ధతులు రెండూ వస్తాయి. అదే జాబితాలో అరబిక్ కీబోర్డును కూడ చేర్చి, ఒక్క మీటతో మూడు భాషల మధ్య మారునట్లు అమర్చుకొనవచ్చును.