చేసినవాళ్ల పేరు

కాకినాడ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఆఫీసు మెయిళ్లలో పాసివ్ వాయిస్ వాడవచ్చా, కూడదా అని అడిగావు. ఫోనులో రెండు మాటల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

బళ్లో దీన్ని మార్పిడి లెక్కలా నేర్పుతారు. 'రామ కిల్డ్ రావణ' అని ఇస్తే 'రావణ వజ్ కిల్డ్ బై రామ' అని రాయాలి. బయట జనం మాట్లాడే ఇంగ్లిషులో ఆ 'బై' చాలాసార్లు ఉండనే ఉండదు. చేసినవాళ్లను వదిలేసి పనిని మాత్రం చెప్పడానికే వాళ్లు ఆ వాక్యాన్ని ఎక్కువగా వాడతారు. అందులో తప్పు లేదు. పర్సు కొట్టేసిందెవరో తెలియనప్పుడు 'మై పర్స్ వజ్ స్టోలెన్' అనడమే సహజం. 'ది రోడ్ ఈజ్ క్లోజ్డ్' అన్న బోర్డు చూసినవాడికి మూసిందెవరో అక్కర్లేదు. ల్యాబ్ రిపోర్టులో ద్రావణాన్ని ఎంత వేడిచేశారన్నదే ముఖ్యం గనక 'వజ్ హీటెడ్' అంటారు. అలాగని సైన్సు రాతంతా పాసివే అనుకోకు. డీఎన్‌ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ 1953లో 'నేచర్' పత్రికలో వేసిన వ్యాసం 'వుయ్' అన్న మాటతోనే మొదలవుతుంది.

చేసిందెవరో తెలిసి, ఎదుటివాళ్లకు అది తెలియాల్సి ఉండి కూడా దాటేస్తేనే చిక్కు. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన సంగతి బయటపడ్డాక, అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987 జనవరి 27న కాంగ్రెస్ ముందు 'మిస్టేక్స్ వర్ మేడ్' అన్నారు. ఎవరు చేశారన్నది ఆ మాటల్లో లేదు. మార్చి 4న టీవీలో మాట్లాడినప్పుడు మాత్రం, తన పనులకూ తన ప్రభుత్వం పనులకూ పూర్తి బాధ్యత తనదేనని 'ఐ' పెట్టి చెప్పారు. వ్యాకరణానికి రెండూ ఒప్పే. జనానికి జవాబు ఇచ్చింది రెండోదే.

మన భాషలో 'పంపాను' అంటే చాలు, 'నేను' అనకపోయినా పంపిందెవరో క్రియే చెబుతుంది. అందుకే ఇంట్లో ఎవరూ 'అన్నం నాచేత తినబడింది' అనరు. కాగితాల మీదికి వచ్చేసరికి 'మీ దరఖాస్తు తిరస్కరించబడినది' అని రాస్తాం. తిరస్కరించిందెవరో, ఎవరిని కలవాలో తెలియక ఆ మనిషి కౌంటర్ల చుట్టూ తిరుగుతాడు. పాసివ్ లేకుండానే తప్పించుకునే దారులూ మనకున్నాయి: 'ఫైలు కనబడటం లేదు', 'పొరపాటు జరిగింది'. కాబట్టి నింద ఇంగ్లిషు మీద వేయడం న్యాయం కాదు.

మెయిల్ పంపేముందు ప్రతి పాసివ్ వాక్యం దగ్గరా ఆగి 'ఎవరు?' అని అడుగు. ఆ జవాబు చదివేవాళ్లకు అవసరమైతే రాయి. 'ది రిపోర్ట్ వజ్ నాట్ సెంట్' అనే బదులు 'ఐ డిడ్ నాట్ సెండ్ ది రిపోర్ట్' అని, ఎప్పటికి పంపుతావో పక్కనే చెప్పు. అవతలివాళ్లు దాన్నిబట్టి తమ పని చూసుకుంటారు. ఇంకో సంగతి జనం గమనించరు. 'ది బగ్ వజ్ ఫిక్స్‌డ్' అని రాస్తే, రాత్రంతా కూర్చుని దాన్ని సరిచేసిన జూనియర్ పేరు మాయమవుతుంది. తప్పును దాచే వాక్యమే కష్టాన్నీ దాచేస్తుంది. అక్కడ ఆ పిల్లవాడి పేరు తప్పకుండా రాయి.

పదిమంది చూసే మెయిల్లో తోటివాళ్ల చిన్న పొరపాటు ప్రస్తావించాల్సి వస్తే 'యూ డిడ్ నాట్ అటాచ్ ది ఫైల్' అని వేలు చూపకు. 'ది ఫైల్ వజ్ నాట్ అటాచ్డ్' చాలు. పాసివ్ అక్కడ మర్యాద.

నీ తప్పుకు నీ పేరు పెట్టు, ఎదుటివాళ్ల కష్టానికి వాళ్ల పేరు పెట్టు, ఎదుటివాళ్ల చిన్న పొరపాటుకు మాత్రం పేరు వదిలెయ్. ఈ మూడూ పాటిస్తే నీ ఇంగ్లిషు గురించి బెంగపడనక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న