గాలము మ్రింగిన చేప – దానిని విడుచు విధము

కిన్నెరసాని ఒడ్డునగాని, భద్రాచలము కడ గోదావరి రేవులందుగాని గాలము వేయువారిని మనమందరము చూచియే యుందుము. బెండు మునుగును. పట్టువాడు చేప ఎరను బాగుగా అందుకొననిమ్మని ఒక క్షణము తాళును. ఆ క్షణముననే కొర్రమీను ఎరతోపాటు కొక్కెమును గొంతు దాటించును. ఇంటికి కొనిపోవు చేపయైనచో చిక్కు లేదు. దానిని మరల నీటిలో విడువదలచినప్పుడే సమస్య.

పట్టిన చేపను విడుచుటయేమని ఈ అడవి అంచు పల్లెలలో నవ్వుదురు. ఆ నవ్వు న్యాయమే. ఇచట చేప ఆహారము, వినోదము కాదు. అయినను ఒక సందర్భము కలదు. పట్టణపు అంగళ్లలో మరల్ అని అడుగు ఈ కొర్రమీను 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడినది. ఇది తన పిల్లలను కాచుకొను జాతి. వానకాలమున ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా తల్లిదండ్రులు క్రిందనే తిరుగుచు, దరిచేరిన కప్పనైనను కరచును. ఆ సమయమున పెద్దచేపను పట్టినచో గుంపంతయు ఇతర జీవుల పాలగును. అట్టి చేపను విడుచుట వేడుక కాదు, మరుసటి సంవత్సరపు పంట.

చేప గుండె మొప్పల వెనుక, గొంతు అడుగుననే యుండును. కాలేయమును దూరము కాదు. లోతున నాటిన కొక్కెమును బలిమితో లాగినచో ఆ అవయవములు చినుగును. కావున నోటి కడ దారమును వీలైనంత దగ్గరగా కోసి, కొక్కెమును లోపలనే విడువవలెను. పలు జాతులపై జరిగిన పరీక్షలలో, కొక్కెము పెరికిన చేపలకంటె దారము కోసిన చేపలే ఎక్కువగా బ్రతికినవి. కొన్ని క్రమముగా కొక్కెమును వెలికి త్రోయును. మామూలు ఇనుము త్రుప్పుపట్టును. త్రుప్పుపట్టని ఉక్కు కొక్కెము చిరకాలము నిలుచును గనుక దానిని వాడకుండుటే మేలు. మొప్పలనుండి రక్తము ధారగా కారుచున్నచో దయ పేరిట విడువక, కూరకే వినియోగించుట ఉచితము.

చేతులు తడిపియే చేపను తాకవలెను. పొడిగుడ్డ, ఇసుక దాని మైజిగురును తుడిచివేయును; ఆ జిగురే దానికి రోగమునుండి రక్ష. మొప్పలలో వ్రేళ్లు దూర్చి వ్రేలాడదీయరాదు. బొచ్చె, శీలావతి వంటివి గాలిలో కొద్దిసేపటికే సొమ్మసిల్లును, వేసవి వెచ్చని నీటిలో మరింత త్వరగా. కొర్రమీను గాలి పీల్చు జాతి గనుక బయట కొంత ఓర్చును. విచిత్రమేమనగా, దానిని పైకి రానీయక నీటిలోనే వలతో అణచి యుంచినచో ఊపిరాడక చచ్చును!

అసలు మ్రింగనీయకుండుటయే ఉత్తమము. మొన లోనికి వంగిన గుండ్రని కొక్కెములు ఎక్కువగా పెదవి మూలనే తగులును. వానికి కుదుపు పనికిరాదు, నిలకడగా లాగవలెను. ముల్లును పట్టకారుతో నొక్కివేసినచో తీయుట సులభము. కావేరిలో మహసీరును పట్టి విడుచు ఆచారమును 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘము పెంపొందించినది. మన కిన్నెరసాని యందు మాత్రము 1977లో ప్రకటింపబడిన అభయారణ్యమున్నది. అందు అనుమతి లేక గాలమే వేయరాదు.

విడుచునప్పుడు చేపను విసరక, పొట్ట క్రింద అరచేయి పెట్టి, తల ప్రవాహమునకు ఎదురుగా నిలిపి పట్టుకొనవలెను. తోక కదలించి తానే చేయి జారువరకు తొందర పెట్టరాదు.