ముద్దుపేరు వేరు, పెట్టే పేరు వేరు

ఒక నికాహ్ మజ్లిస్‌లో నికాహ్‌నామా రాస్తూ వధువు పేరు అడిగాను. తండ్రి "బేబీ" అన్నారు. "ఇంట్లో పిలిచే పేరు కాదు భాయీ, అసలు పేరు చెప్పండి" అన్నాను. ఆయన కాస్త తటపటాయించి, "సర్టిఫికెట్లలో కూడా అదే ఉంది మౌలానా" అన్నారు. అక్కడే ఉన్న వధువు అన్నల పేర్లు అబ్దుర్రహ్మాన్, అబ్దుర్రహీమ్!

సోదర సోదరీమణులారా! మున్నీ, గుడియా, ఛోటీ, బేబీ... మన ఇళ్లలో ఇలాంటి పేర్లు ఎన్నో. కొడుకు పుడితే మౌలానాను అడిగి, అర్థం తెలుసుకుని పేరు పెడతాం. కూతురికి మాత్రం ఉయ్యాలలో పిలిచిన పేరే బడి రిజిస్టరుకు ఎక్కుతుంది. ఈ విషయంలో ధర్మం ఏమంటున్నదో చూద్దాం.

ముద్దుపేరు నిషిద్ధమా?

కాదు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)ను ప్రేమగా "ఆయిష్" అని పిలిచేవారు (బుఖారీ, ముస్లిం). అయితే అది పిలుపు మాత్రమే. ఆమె పేరు ఆయిషాయే. హజ్రత్ ఉమ్మె సలమా (రజి)ను లోకమంతా ఆ పిలుపుతోనే ఎరుగును. అయినా ఆమె అసలు పేరు హింద్ అని చరిత్రకారులు భద్రపరిచారు. పిలుపు పేరు స్థానాన్ని ఆక్రమించలేదు.

కల్లూ, మోటీ వంటి ఎగతాళి పిలుపుల సంగతి వేరు. మనసు నొప్పించే పేర్లతో పిలుచుకోవడాన్ని దివ్యఖుర్ఆన్ వారించింది (49:11). కన్నబిడ్డ విషయంలోనూ ఈ ఆజ్ఞ వర్తిస్తుంది.

పేరు బిడ్డ హక్కు

ఏడవ రోజు అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీసి, పేరు పెట్టమని హదీసులో ఉంది. ఈ హక్కు కొడుకుకు ఎంతో కూతురికీ అంతే. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి)కు ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దైవప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరారు. మిగతా సంతానానికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదని తెలిసి, సాక్షిగా ఉండటానికి నిరాకరించారు. పేరు తండ్రి ఇచ్చే మొదటి కానుక కాదా? అందులోనే తేడా చూపితే ఇక న్యాయం ఎక్కడ మొదలవుతుంది?

ఇప్పటికే పెట్టేసి ఉంటే?

కంగారు పడవద్దు. అర్థం చెడ్డది కాకపోతే మార్చి తీరాలన్న నియమం లేదు. వధువు ఎవరో స్పష్టంగా తెలిస్తే ఆ పేరుతో జరిగిన నికాహ్ కూడా చెల్లుతుంది. అర్థం చెడ్డదైతే మార్చడం సున్నత్. హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తెకు "అవిధేయురాలు" అని అర్థమిచ్చే ఆసియా అనే పేరుండేది. దైవప్రవక్త (స) దాన్ని జమీలాగా మార్చారు (ముస్లిం). ఫిరౌన్ భార్య ఆసియా పేరు వేరు. అరబీలో దాని అక్షరాలు వేరు, దానికి ఈ అర్థం లేదు. పేరు మార్చినంత మాత్రాన అఖీఖా మళ్లీ చేయనవసరం లేదు. పెద్దదైన అమ్మాయి పేరును ఆమె ఇష్టం తెలుసుకోకుండా మార్చకండి.

మరో మాట. ఆసుపత్రిలో తొందరపడి ముద్దుపేరు రాయించకండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయవచ్చు. 12 నెలల్లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో రాసిన పేరే ఆమె వెంట నడుస్తుంది.

ఆనాడు నేను నికాహ్‌నామాలో "బేబీ" అనే రాశాను. ఆ అమ్మాయి రేపు తల్లి అవుతుంది, నానమ్మ అవుతుంది. అప్పుడూ బేబీయే. ఇంట్లో నోరారా మున్నీ అని పిలుచుకోండి. కానీ ఆమెకంటూ ఒక మంచి పేరు ఇవ్వండి.

మన కుమార్తెల హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.